బాలశౌరి మడవ

ఉయ్యూరు,
4 ఆగస్టు 2025

మేనకోడలు శాలినికి,

మీ మావయ్య బాలశౌరి దీవించి రాయునది. ఇక్కడ నేను, మీ అత్త అమలమ్మ, రెండు గేదెలు, నా కుడి చెవి క్షేమం. ఎడమ చెవి సంగతి నీకు తెలిసిందే. నువ్వు ఫోన్ చేస్తే తేనెపట్టు మాట్లాడినట్టు ఉంటుంది నాకు. అందుకే ఏదున్నా ఉత్తరం రాయమన్నాను. రాశావు. రాసి నా ఒళ్లు మండించావు.

మీ అమ్మ, అంటే నా ఒక్కగానొక్క చెల్లెలు శౌరమ్మ, శివారు పొలాల్లో నారు పీకుతూ నత్తగుల్ల తొక్కింది. కాలు పుండు పడింది, మానడం లేదు. భవానీపురంలో నీ ఇంటికి తీసుకుపోయావు, నువ్వు ల్యాబులో పనిచేసే ఆస్పత్రిలోనే చూపిస్తున్నావు. ఇంతవరకూ బాగుంది. ఆ తర్వాత వాక్యం దగ్గరే కళ్లజోడు తీసి, తుడుచుకుని మళ్లీ చదివాను. "మావయ్యా, నీ పొలం మడవ దగ్గర మట్టి, బోదె నీళ్లు కొంచెం పంపు. పరీక్ష చెయ్యాలి." గుల్ల గుచ్చుకున్నది ఎనిమిది కిలోమీటర్ల దిగువన. సోదా మాత్రం నా మడవలోనా? రేపు మీ వీధిలో కరెంటు పోతే నా పంచె మడతల్లో వెతుకుతావా?

మడవ అని రాశావు గానీ, హాస్టళ్లలో చదివి అదేమిటో మర్చిపోయుంటావు. మడవ అంటే బోదె, అదే పిల్లకాలవ, నీళ్లు పొలంలోకి దిగే గండి. దాని చరిత్ర చెప్తాను, విను. దివిసీమ ఉప్పెన వచ్చిన మరుసటేడు మా నాన్నకి ఎడ్లు లేవు. ఎరువుపోగు ఇంటి దగ్గర, పొలం మైలు దూరం. ఊరంతా తట్టలు నెత్తిన మోసి, పొలమంతా చల్లి, దుక్కిలో కలియదున్నేవాళ్లు. నేను ఒక్క పూట మోశాను, మెడ పట్టేసింది. బండి అడిగి తెచ్చి పోగు మొత్తం మడవలో గుమ్మరించి, గట్టు మీద కూచుని బీడీ ముట్టించాను. నీళ్లు ఎరువుని కరిగించుకుని మూలమూలకీ మోసుకుపోయాయి. నీళ్లకి మెడనొప్పి ఉండదమ్మా! మా నాన్న "సోమరి వెధవా" అన్నాడు. పంట చూసి నోరు మూసుకున్నాడు. తర్వాతేడు పక్కవాడు, ఆ పైయేడు ఊరు, ఆ పైన ఊళ్లు. ఈ కాలవ కింద ఎవర్నడిగినా దాన్ని "బాలశౌరి మడవ" అంటారు. ఎమ్మెల్యేల పేర్లు శిలాఫలకాల మీద ఉంటాయి, చదివేవాడు ఉండడు. ఐదో తరగతి తప్పిన నా పేరు ఇన్ని ఊళ్ల నోట్లో ఉంది.

అప్పట్లో అది గేదెల పేడ. ఇప్పుడు రామకోటేశ్వరరావు ఫారాల కోళ్ల పెంట. షెడ్డులో ఊడ్చింది ఊడ్చినట్టు లారీలో వస్తుంది, మడవలో పడుతుంది. పైరు నల్లగా లేస్తుంది.

మట్టీ నీళ్లూ పంపుతాను. ఎలా తియ్యాలో నువ్వు నాకు నేర్పక్కర్లేదు.

ఇట్లు, నీ లెక్కలో ముద్దాయి,
బాలశౌరి


భవానీపురం,
13 ఆగస్టు 2025

మావయ్యకి శాలిని వందనాలు.

పార్శిలు అందింది. నీ మీద నేరం మోపడానికి అడగలేదు మావయ్యా. అమ్మ పుండులో ఉన్న క్రిమిని పెంచి, ఎనిమిది రకాల మందులు వేసి చూశాం. ఆరింటికి చావలేదు. మిగిలిన రెండూ సూదిమందులే. అమ్మకి షుగర్ కూడా ఉంది కాబట్టి అవి ఎంతవరకు పనిచేస్తాయో చూడాలి. కాలి చిటికెన వేలు నల్లబడుతోంది.

ఇంత మొండి క్రిమి ఆస్పత్రుల్లో ఉంటుంది. అమ్మ జన్మలో ఆస్పత్రి మంచం ఎక్కలేదు. మరి ఎక్కడ అంటింది? కోళ్లకి రోగం రాకుండా, తొందరగా బరువు పెరగాలని దాణాలోనే మందు కలుపుతారు. కోడి కడుపులో మెత్తటి క్రిములు చస్తాయి, మొండివి మిగులుతాయి. అవే పెంటలో వస్తాయి. అందుకని అడిగాను.

నువ్వు పంపిన మట్టిలో, నీళ్లలో ఏ క్రిమీ మొలవలేదు. నాకే ఆశ్చర్యంగా ఉంది. మామూలు మట్టిలో మొలవాల్సినవి కూడా మొలవలేదు. ఎలా తీశావో, ఎందులో పోశావో వివరంగా రాయి. అది తెలిసేదాకా ఈ ఫలితాన్ని నమ్మలేను.

అమ్మ నిన్ను అడిగిందని చెప్పమంది. అత్తని కూడా.

శాలిని


ఉయ్యూరు,
20 ఆగస్టు 2025

ల్యాబు దొరసాని శాలినికి,

"ఏ క్రిమీ మొలవలేదు." ఈ ముక్క చదివి మీ అత్తకి వినిపించాను. గేదెలకి వినిపించాను. తర్వాత సొసైటీ అరుగు మీదికి పోయి ఇరవై మంది రైతుల మధ్య నిలబడి వినిపించాను. కింద నీ సంతకం ఉందిగా! రామకోటేశ్వరరావు ఆ కాయితం తీసుకుని కళ్లకద్దుకున్నంత పనిచేశాడు. "బాబాయ్, మీ మేనకోడలు బంగారం. ఇది నాకివ్వు, జిరాక్సు తీయించి ఇస్తా" అన్నాడు. ఇచ్చాను. "నమ్మలేను" అని చివర రాసిన వాక్యం మాత్రం చదవలేదు. ఆడపిల్లలు ఫలితం నచ్చకపోతే అలాగే రాస్తారు, నీ పరువు నేనెందుకు తియ్యాలి?

ఎలా తీశానని అడిగావు కాబట్టి చెప్తాను. భూసార పరీక్షకి మట్టి తియ్యడంలో ఈ మండలంలో నన్ను మించినవాడు లేడు, కరపత్రం నాకు నోటికి వచ్చు. పలుగుతో ఆంగ్లంలో వీ అక్షరంలాగా గుంట తవ్వాను. జానెడు లోతున పొర చెక్కాను. ఐదు చోట్ల తీసి కలిపాను. గోనె మీద పరిచి నీడలో నాలుగు రోజులు ఆరబెట్టాను. సగం ఎండలో కూడా పెట్టాననుకో, ముసురు పట్టింది మరి. రోకలితో దంచి, జల్లెడ పట్టి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు రెండు పారేసి, మిగిలింది గుడ్డసంచిలో కట్టాను. ఇక నీళ్లు. మేనకోడలి ఇంటికి బురద నీళ్లు పంపితే నా తల ఎక్కడ పెట్టుకోను? మీ అత్త పలచటి గుడ్డలో వడకట్టి, చారు కాచినట్టు తెర్లకాచి, చల్లార్చి సీసాలో పోసింది. సీసా డెట్టాలుతో కడిగింది. అంత శుభ్రంగా మీ ఆస్పత్రిలో మందులు కూడా ఉండవు.

మా పక్క పొలం ఆరోన్ ఉన్నాడే, పెంటని నాలుగు నెలలు పట్టా కప్పి మాగబెట్టి, నీళ్లు పెట్టకముందే దుక్కిలో కలియదున్నుతాడు. పెంటకి దుప్పటి కప్పే మనిషి! నీ ఉత్తరం వినగానే వాడు తువ్వాలు దులుపుకుని ఇంటికి పోయాడు.

శౌరమ్మకి చెప్పు: చెప్పులు కొనిచ్చినా వేసుకోదు, చిన్నప్పటినుంచీ అంతే. ఈ వేలు గోల తగ్గగానే ఇక్కడికి పంపు. మీ అత్త వేపాకు కట్టు కడుతుంది.

నిర్దోషి,
బాలశౌరి


భవానీపురం,
28 ఆగస్టు 2025

బాలశౌరి గారికి,

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి నవ్వొచ్చింది. రెండోసారి ఏడుపొచ్చింది. మూడోసారి ల్యాబులో అందరిముందూ బల్ల మీద కొట్టాను.

మట్టిలో సత్తువ చూడ్డానికి మట్టిని ఆరబెడతారండీ. క్రిమిని చూడ్డానికి ఎండబెడితే చూడాల్సినదే చస్తుంది. నీళ్లు కాచారా? చారు కాచినట్టు కాచి, డెట్టాలు సీసాలో పోసి, అందులో క్రిమి లేదని అరుగెక్కి చదివారా? శవాన్ని కాల్చేసి బూడిద పంపి, ఒంటి మీద గాయం లేదు చూసుకోమన్నట్టుంది.

నేను రాసిన చివరి వాక్యం మీరు చదవలేదు. ఆడపిల్లలు అలాగే రాస్తారన్నారు. ఆ ఆడపిల్ల సంతకంతో ఉన్న కాయితం ఇప్పుడు కంకిపాడులో, పామర్రులో చేతులు మారుతోంది. కోళ్ల పెంట లారీ డ్రైవర్ల దగ్గర కూడా ఉందట. ఆ వాక్యం మీద, పైన కోళ్ల దాణా సంగతి మీద తెల్లకాయితం పెట్టి జిరాక్సు తీశాడు మీ రామకోటేశ్వరరావు. మా ల్యాబు పెద్ద డాక్టరు గారికి ఎవరో పంపారు. ఆయన నన్ను పిలిచి, "శాలినీ, మనం పెంటకి కూడా సర్టిఫికెట్లు ఇస్తున్నామా?" అని అడిగారు. పదకొండేళ్ల ఉద్యోగంలో నేను తలదించుకున్న రోజు అదే.

అమ్మకి సోమవారం రెండు వేళ్లు తీసేశారు. పుండు పైకి పాకుతోంది. మీ వేపాకు కట్టు గురించి అమ్మకి చెప్పలేదు.

ఆదివారం నేనే వస్తున్నాను. నా సీసాలు నేనే తెచ్చుకుంటాను. దయచేసి ఎవరూ ఏదీ కడగొద్దు.

శాలిని


ఉయ్యూరు,
5 సెప్టెంబరు 2025

శ్రీమతి శాలిని గారికి,

"గారు" అనీ "మీరు" అనీ నువ్వే మొదలుపెట్టావు కాబట్టి నేనూ అలాగే అంటున్నాను. నువ్వు బోర్లా పడటం నేర్చుకున్నది నా మంచం మీదే.

వచ్చావు. గుమ్మం తొక్కలేదు. మీ అత్త చేపల పులుసు పెట్టి, చర్చిలో పూజ నుంచి వచ్చిన దగ్గరనుంచీ వీధిలో నిలబడింది. నువ్వు కారు తిన్నగా పొలం గట్టు మీద ఆపి, చేతులకి తొడుగులు వేసుకుని, మూతికి గుడ్డ కట్టుకుని, నా మడవలోకి శవపంచనామాకి దిగినట్టు దిగావు. నా మడవలో, బోదెలో, నా పొలం నీళ్లు పడే మురుగు డ్రెయిన్లో, చివరికి ఆ దుప్పటి ఆరోన్ పొలంలో కూడా. ఊళ్లో సగం గట్టు మీదే ఉంది. ఒకడు "బాలశౌరి తాతా, ఎవరన్నా పోయారా?" అని అడిగాడు. వెళ్తూ ఒక్క మాట అన్నావు. నా ఎడమ వైపు నిలబడి అన్నావు. ఏమన్నావో దేవుడికి తెలియాలి.

పులుసు గేదెలు తినవు కాబట్టి మూడు పూటలా నేనే తిన్నాను, కోపంతో.

రెండు వేళ్ల సంగతి చదివాక నాకు నిద్ర పట్టలేదు. అది వేరే సంగతి. రామకోటేశ్వరరావు ఫారానికి పోయాను. జిరాక్సు సంగతి అడిగితే, "బాబాయ్, కింద చోటు చాల్లేదు, ఒక లైను ఎగిరిపోయింది" అన్నాడు. కాలర్ పట్టుకున్నాను. డెబ్బై నాలుగేళ్ల చేతికి అంతకన్నా ఏం చేతనవుతుంది? షెడ్డు లోపల నీలం డ్రమ్ములో తెల్లటి పొడి. ఏమిటిది అన్నాను. "కోళ్లకి బలం బాబాయ్. మీ ఇంట్లో కాఫీలో ఏం వేస్తారని మేం అడుగుతామా?" అన్నాడు. మనకి జ్వరం వస్తే డాక్టరు లెక్కపెట్టి ఐదు రోజులకి పది బిళ్ళలు రాస్తాడు. అక్కడ పార పెట్టి ఎత్తి పోస్తున్నాడు. వాణ్ణి తిట్టిన తిట్లు పోస్టులో పంపడానికి వీల్లేనివి.

కాబట్టి విను. పొడి వాడిది. కోడి వాడిది. క్రిమి వాడిది. ఎవర్ని పట్టుకోవాలో తెలిసిందిగా? నా మడవ ఏం చేసింది? నీళ్లతో ఎరువు పారించడం పాపమా? ఉత్తరంలో విషం రాసినవాణ్ణి వదిలేసి పోస్ట్‌మ్యాన్ని ఉరితీస్తావా?

ఫలితం వచ్చాక రాయి. రాయకపోయినా సరే.

ఇట్లు,
గట్టు మీద నిలబెట్టి పోయిన మావయ్య


భవానీపురం,
16 సెప్టెంబరు 2025

మావయ్యా,

ఇవాళ పొద్దున పదింటికి అమ్మ కుడి పాదం తీసేశారు. చీలమండ పైన. మోకాలిదాకా పోకూడదంటే ఇప్పుడే తియ్యాలన్నారు. సంతకం నేను పెట్టాను.

ఫలితాలు కూడా వచ్చాయి. పెద్ద డాక్టరు గారే దగ్గరుండి చేయించారు. నీ మడవలో కుప్ప మట్టిలో మొండి క్రిమి గుత్తులు గుత్తులుగా మొలిచింది. మడవని ఆనుకున్న బోదె నీళ్లలో ఉంది. నీ పొలం నుంచి డ్రెయిన్లోకి పడే నీళ్లలో ఉంది. శివారుకి కాలవ నీళ్లు ఎక్కవు కాబట్టి వాళ్లు ఆ డ్రెయిన్లోనే ఇంజను పెట్టి తోడుకుంటారు, నీకు తెలుసు. అమ్మ నారు పీకిన మడిలో కూడా చూశాం. ఉంది. అమ్మ పుండులో క్రిమి ఏ ఆరు మందులకి చావలేదో, ఇదీ ఆ ఆరింటికే చావలేదు.

ఆరోన్ గారు కొనేదీ ఆ ఫారం పెంటే. మాగబెట్టి మట్టిలో కలిపేసిన ఆ పొలంలో పదో వంతు కూడా లేదు. ఆయన పొలం నుంచి బయటికి పోయే నీళ్లలో దాదాపు లేదు. పొడి రామకోటేశ్వరరావుదే. కోడీ వాడిదే. కానీ కుప్పలో ఉన్నదాన్ని కుప్పలో ఉండనివ్వకుండా, మట్టిలో పడి ఉండనివ్వకుండా, నీళ్ల మీదెక్కించి దిగువకి పంపింది ఎవరు మావయ్యా? పోస్ట్‌మ్యాన్‌కి లోపల ఏముందో తెలియదు. నీకు ఇప్పుడు తెలుసు.

ఒక్క మాట నిజాయితీగా రాస్తున్నాను. అమ్మ కాల్లోకి వచ్చిన క్రిమి నీ పొలం నుంచే నడిచొచ్చిందని నేను ప్రమాణం చెయ్యలేను. ఆ డ్రెయిన్ మీద నీలాంటి మడవలు ఎన్నో ఉన్నాయి. అవన్నీ ఎవర్ని చూసి పెట్టారో మాత్రం నువ్వే నాకు రాశావు.

అమ్మ "గుల్ల గుచ్చుకుంటే పాదం ఎందుకు పోతుందే?" అని అడుగుతోంది. నేను చెప్పను. నువ్వొచ్చి చెప్పు. ఆ రోజు గట్టు మీద నేను అన్నది కూడా అదే: "అమ్మకి నువ్వే చెప్పాలి."

శాలిని


ఉయ్యూరు,
30 సెప్టెంబరు 2025

శాలినీ,

నేను ఆస్పత్రికి వచ్చిన పూట నువ్వు డ్యూటీలో ఉన్నావు. కావాలనే ఆ వేళకి వచ్చాను. అక్కడ ఏం జరిగిందో శౌరమ్మ నీకు సగమే చెప్పి ఉంటుంది. మిగతాది రాస్తాను.

"ఏం అన్నయ్యా, బస్సులో సీటు దొరికిందా?" అంది. దొరికిందన్నాను. దుప్పటి ఒక వైపు పొడుగ్గా, ఒక వైపు పొట్టిగా ఉంది. అటు చూడకుండా కూచున్నాను. కమలాపళ్లు వలిచాను. ఉప్పెన ఏడు సంగతులు ఎత్తుకున్నాను, మా నాన్న తిట్లు చెప్పాను. అది వింటూనే ఉంది. చివరికి "చెప్పడానికి వచ్చింది చెప్పు" అంది.

చెప్పాను. పొడి, కోడి, కుప్ప, మడవ, డ్రెయిను. ఏదీ దాచలేదు.

తిడుతుందనుకున్నాను. తిట్టించుకోవాలనే వెళ్లాను. అది కిటికీ వైపు చూసి, "నీళ్లు నీ మీదుగానే కదా నాకొచ్చేది. ఇంకెవరి మీదుగా వస్తాయి?" అంది. తర్వాత మెల్లిగా, నా కుడి చెవి వైపు వంగి, "నాలుగేళ్లుగా నీళ్లు నురగ కట్టి, కోళ్ల కంపుతో వస్తున్నాయి అన్నయ్యా. కాళ్లు దురదలు. మా వీధి ఆడాళ్లందరికీ" అంది.

"నాతో ఎందుకు చెప్పలేదే?" అన్నాను.

"ఏ చెవిలో చెప్పను? నీ పేరు పెట్టుకున్న పనాయె."

అంతే. కళ్లు మూసుకుంది. నేను లేచి వస్తుంటే మళ్లీ పిలిచింది. "ఇప్పుడు రెండో కలుపు తీస్తుంటారు అక్కడ. వాళ్లకి ఎవరు చెప్తారు?" అంది.

మర్నాడు పార తీసుకుని నా మడవలో కుప్ప ఎత్తేశాను. రెండు రోజులు పట్టింది. ఆరోన్ వచ్చి రెండో పార పట్టుకున్నాడు. ఆ మనిషిని దుప్పటి అన్నందుకు నన్ను ఎవరు కొట్టాలి? గొయ్యి తవ్వి, పోసి, పట్టా కప్పాం. మడవ మూసేశాను. తర్వాత సొసైటీ అరుగెక్కి, ఈ రెండో పరీక్ష ఫలితాలు నువ్వు రాసిన ఉత్తరం చదివాను. ఈసారి ఏ వాక్యమూ వదల్లేదు. నీళ్లు కాచానని, మట్టి దంచానని కూడా చెప్పాను. నవ్వారు. ఒకడు "చెల్లెలి కాలు పోయి ముసలాడికి మతి చెదిరింది" అన్నాడు. రామకోటేశ్వరరావు జేబులోంచి మొదటి కాయితం తీసి, "ఇదీ ఆ అమ్మాయి సంతకమే కదా బాబాయ్. ఏది నమ్మమంటావు?" అన్నాడు. మోయడం దున్నడం ఎవరివల్ల అవుతుంది అన్నారు ఇంకొందరు. నలభై ఏడేళ్ల కిందట నేనన్న మాటే అది. పళ్లు కొరుక్కుని దిగొచ్చాను. కోపం ఎవరిమీద చూపించాలో తెలియక చేతికర్రని గట్టుకేసి కొట్టి విరగ్గొట్టాను.

నిన్న శివారుకి పోయాను. మీ వీధి వాళ్లు ఆరుగురు పిక్కల లోతు నీళ్లలో కలుపు తీస్తున్నారు. గట్టు మీద నిలబడి అంతా చెప్పాను, శౌరమ్మ పాదం దగ్గర్నుంచి. ఈ నీళ్లలోకి దిగొద్దమ్మా అన్నాను.

వాళ్లు వంగినవాళ్లు వంగినట్టే విన్నారు. "దిగకపోతే తిండి ఎవరు పెడతారు తాతా?" అంది ఒకావిడ. అందరికన్నా చిన్నపిల్ల, కొత్తగా పెళ్లయినట్టుంది, నడుం ఎత్తి నా కాళ్లవైపు చూసింది. "చెప్పులేసుకుని గట్టు మీంచి ఎవరైనా చెప్తారు. దిగి చెప్పు తాతా, వింటాం" అంది.

న్యాయమే కదా. వంగి ఒక చెప్పు విప్పాను. రెండోది విప్పాను. మడమ నిండా పగుళ్లు. నీళ్లు చూశాను. పచ్చగా, నురగగా, నా పొలంలో ఇన్నేళ్లు నేను చూసుకుని మురిసిన నీళ్లలాగే ఉన్నాయి. దిగలేకపోయాను శాలినీ. మళ్లీ చెప్పులు తొడుక్కున్నాను.

ఆ పిల్ల మళ్లీ వంగి కలుపు తీయసాగింది.

ఈ ఉత్తరం మీ అమ్మకి చదివి వినిపించు. మడవ మూశాడన్న దగ్గర ఆపెయ్యకు. చివరిదాకా చదువు.

బాలశౌరి